పెత్రమాస నాడు పిల్సెన్‌లో

అమెరికాలో షికాగో దగ్గర అరోరాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న మూడు నెలల్లో నాకు బాగా కోపం వచ్చిన రోజు 2023 అక్టోబర్ 14. ఆ రోజు పెత్రమాస, పోయినవాళ్ళను తలచుకునే అమావాస్య. తమ్ముడు పోయి రెండేళ్ళు. వాడి పేరు మీద బాలాజీ గుడిలో బియ్యం ఇవ్వాలని ముందు రోజే అన్నీ సర్దుకున్నాను. అమ్మాయేమో, "గుడికి సాయంత్రం వెళ్దాం అమ్మా. పొద్దున ఆమెకు తోడు వెళ్ళు, ఒక్కతే పోవాలంటే టెన్షన్ పడుతోంది" అంది. ఆమె అంటే మా మనవడిని చూసుకునే మెక్సికో ఆవిడ. 58 ఏళ్ళుంటాయి. సిటిజన్‌షిప్ ఫారం నింపించుకోవడానికి షికాగోలోని పిల్సెన్ అనే పేటకు వెళ్ళాలట.

మెట్రా రైల్లో షికాగో యూనియన్ స్టేషన్ దాకా ముభావంగానే కూర్చున్నాను. అక్కడి నుంచి నడిచి వెళ్ళి పింక్ లైన్ సిటీ రైలు ఎక్కాం. నాలుగు మైళ్ళు కూడా లేని దూరానికి రెండున్నర డాలర్లు, అంటే మన రెండొందలు పైనే అయింది. ఆ డబ్బుతో కోరుట్ల నుంచి కరీంనగర్ పోయి రావచ్చనిపించింది.

18వ వీధి స్టేషన్‌లో దిగగానే మెట్ల పొడవునా గోడల నిండా బొమ్మలు. ఆవిడ ముఖం అక్కడే మారింది. ఇరవై ఏళ్ళు ఈ పేటలోనే ఉందట. ఒకప్పుడు చెక్ దేశస్థులు తమ ఊరి పేరు పెట్టుకున్న పేట ఇది, తర్వాత మెక్సికో వాళ్ళది అయింది. ఇప్పుడు కిరాయిలు పెరిగి వాళ్ళే ఖాళీ చేస్తున్నారు. ఆవిడా అలాగే అరోరా చేరింది. కానీ కాగితాల పని అంటే ఇక్కడికే వస్తుంది. 1990లో ఆరు చర్చిలు తలా 5,000 డాలర్లు వేసుకుని 'రిసరెక్షన్ ప్రాజెక్ట్' అనే సంస్థను మొదలుపెట్టింది ఈ పేటలోనే. ఇళ్ళ సంగతి, అప్పుల సంగతి, వీసా కాగితాల సంగతి అన్నీ చూస్తారు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు కూడా స్పానిష్‌లో రోగం చెప్పుకోగలిగే అలీవియో ఆసుపత్రి కూడా దగ్గర్లోనే ఉంది.

మేం వెళ్ళింది ఒక చర్చి హాలుకు. వరసగా బల్లలు. మొదటి బల్ల దగ్గర అసలు అర్హత ఉందా లేదా చూస్తారు, రెండో చోట ఫారం నింపుతారు, చివర్లో లాయరు ప్రతి పేజీ సరిచూస్తారు. పైసా తీసుకోరు. సర్కారుకు కట్టే ఫీజే, అది 2023లో 725 డాలర్లు ఉండేది. గ్రీన్‌కార్డు రెన్యువల్‌కు 540 కట్టే బదులు ఇదే నయమని ఆవిడ లెక్క. ఇంగ్లీషు గురించి భయం లేదు. 55 దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్ళయితే ఇంటర్వ్యూ సొంత భాషలోనే ఇవ్వొచ్చు. ఈ సంగతి తెలియక సిటిజన్‌షిప్ మాటే ఎత్తని మన తెలుగు అమ్మమ్మలను గుళ్ళో ఇద్దరిని చూశాను.

అప్పట్లో ఫారం 20 పేజీలు ఉండేది. కాలేజీ పిల్ల ఒకతె ఎదురుగా కూర్చుని అడుగుతోంది. ఆవిడ రేకు బిస్కెట్ డబ్బా తెరిచింది. కిరాయి రసీదులు, జీతం చీటీలు, రబ్బరు బ్యాండు వేసిన పాత కవర్లు. అయిదేళ్ళలో దేశం దాటి ఎప్పుడెప్పుడు వెళ్ళిందో తేదీలతో సహా రాయాలి. 2019లో బస్సులో ఊరికి వెళ్ళిందట, పాస్‌పోర్టులో ముద్ర లేదు. చేతులు వణికాయి. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి, "ఏ పండక్కి వెళ్ళారు?" అంది. ఆవిడ వెంటనే, "చనిపోయినవాళ్ళ పండక్కి రెండు రోజుల ముందు చేరాను. గ్వాదలూపే మాత పండగ మర్నాడు తిరిగొచ్చాను" అంది. ఆ పండగలు నవంబర్ 2, డిసెంబర్ 12. తేదీలు దొరికాయి.

ఇలా అడిగే మనిషి ఒక్కరుంటే మా తమ్ముడి బతుకు వేరే ఉండేది. ఏజెంటు వాడికి కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా చేతిలో పెట్టాడు. ఏం రాసుందో చదివి చెప్పే దిక్కు కోరుట్లలోనూ లేదు, దుబాయ్‌లోనూ లేదు. ఖల్లివల్లి అయ్యాడు, అంటే కాగితాలు లేని కూలీగా మిగిలాడు. ఈవిడనూ ఒక 'నోటారియో' మోసం చేశాడట. మెక్సికోలో ఆ పేరు పెద్ద న్యాయ అధికారిది. ఇక్కడ నోటరీ అంటే సంతకానికి ముద్ర వేసేవాడే. ఆ పేరు చూసి నమ్మి 1,200 డాలర్లు ఇచ్చింది.

తిరుగు రైల్లో అడిగాను, మీ ఇంటాయనకు కాగితాలు ఎలా వచ్చాయని. 1986 ఆమ్నెస్టీలో, అంటే సర్కారు క్షమాభిక్షలో, అంది. ఆ చట్టంతో 27 లక్షల మంది ఇక్కడే ఉండిపోయే హక్కు పొందారు. ఆమ్నెస్టీ అన్న మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. మాకు ఆ మాటకు అర్థం ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం పట్టుకుని, జరిమానా మాఫీ చేయించుకుని, ఒట్టి చేతులతో ఇంటికి రావడం. 2007లో తమ్ముడు అలాగే వచ్చాడు.

అదంతా ఆవిడకు చెప్పాను. సగం అర్థమైందో లేదో, నా చెయ్యి పట్టుకుని, "ఏ రోజు వచ్చాడు?" అంది. తేదీ గుర్తు లేదన్నాను.

"ఏ పండగ?"

సద్దుల బతుకమ్మ. మేం బతుకమ్మను నీళ్ళలో వదిలి చెరువు కట్ట ఎక్కుతుంటే, బంతిపూల రేకులు అంటిన పళ్ళెం నా చేతిలో ఉండగానే, ఎదురుగా నిలబడ్డాడు.