ముల్లు లేని బండితో శ్రీశైలం ఘాట్

శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన మరుసటి ఆదివారమే బయల్దేరడం మేం చేసిన మొదటి తప్పు. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా వెళ్లి హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు ఎక్కే దారి మనవాళ్లకు కొత్తది కాదు కాబట్టి దాని గురించి రాయను. డ్యాము గురించీ రాయను. పన్నెండు గేట్లు, 885 అడుగుల మట్టం, తుంపర్లు, సెల్ఫీలు... ఏటా పేపర్లో వచ్చేవే. బండి గురించి రాస్తాను.

మాది 2018 మోడల్, వెయ్యి సీసీ, మూడు సిలిండర్ల చిన్న కారు. నడిమి వేరియంటు. గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజారు దాకా తిరిగినంత కాలం దానికి ఏ లోటూ కనిపించదు. నలుగురిని, సామానును ఎక్కించి వానలో, ఘాట్లో, రాత్రిపూట నడిపితే కంపెనీవాళ్లు ఎక్కడెక్కడ పైసలు మిగుల్చుకున్నారో ఒక్కొక్కటీ బయటపడుతుంది.

దేవరకొండ దాకా అక్క నడిపింది. అక్క ఎత్తు అయిదడుగులు. సీటును ముందుకు, వెనక్కి జరపొచ్చు గానీ పైకి లేపడానికి లేదు. స్టీరింగు కూడా కిందికీ పైకీ కదలదు. అందుకని ఇంటి నుంచి మెత్తటి దిండు ఒకటి తెచ్చుకుంది. ఇది చాలామంది చేసే పనే, కానీ ప్రమాదమే. బెల్టు నడుము భాగం తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీద కాదు. మెత్తటి దిండు మీద కూర్చుంటే గట్టిగా బ్రేకు పడినప్పుడు దిండు అణగిపోయి మనిషి బెల్టు కిందికి జారతాడు. దిండు తప్పనిసరైతే గట్టి ఫోముది, అణగనిది, సీటుకు కట్టుకునే పట్టీలున్నది వాడాలి. అంతకన్నా మేలు, కొనేటప్పుడే డ్రైవరు సీటు ఎత్తు మార్చుకునే వేరియంటు చూసుకోవడం. తర్వాత పెట్టించుకోవాలంటే సీటు కింది ఫ్రేము మొత్తం మార్చాలి. సీటు బోల్టులతో ఆటలాడే పని ఏ దుకాణం వాడికి పడితే వాడికి అప్పగించేది కాదు.

నా వంతు వచ్చేసరికి ఎడమ కాలికి చోటు దొరకలేదు. క్లచ్ పక్కన కాలు ఆనించే పెడల్ మా బండికి లేదు. గంటల తరబడి కాలు గాల్లో ఉంచలేక క్లచ్ మీదే ఆనిస్తాం. ఆ కొద్ది బరువుకే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ అదే పనిగా తిరుగుతూ అరుగుతుంది. తర్వాత క్లచ్ తొక్కినప్పుడల్లా అది కీచుమంటుంది. బేరింగు మార్చాలంటే గేర్ బాక్సు దింపాలి, దాంతోపాటు క్లచ్ ప్లేటు కూడా మార్చేయండి అంటాడు మెకానిక్. ఒక్క ప్లాస్టిక్ ముక్క మిగుల్చుకున్నందుకు ఇంత ఖర్చు! బయట ఇనుప పెడల్స్ దొరుకుతాయి. ఫ్లోరుకు నాలుగు స్క్రూలతో బిగిస్తారు. బిగించే ముందు కార్పెట్ ఎత్తి కింద వైర్ల కట్ట ఉందేమో చూడమనండి. డ్రైవరు వైపు వైర్లు చాలా బండ్లలో ఆ మూల నుంచే పోతాయి.

డిండి దాటాక వాన. రెండు మక్క కంకులకు అరవై రూపాయలు తీసుకున్నాడు. కాల్చింది సగమే. తింటూ వెనక్కి చూస్తే వెనక అద్దం లేదు. అంటే ఉంది, ఎర్రమట్టితో పూసిన గోడలా ఉంది. డిక్కీ పొడుగ్గా ఉన్న కార్లకు ఈ బాధ ఇంత ఉండదు. చిన్న కార్ల వెనక భాగం నిటారుగా తెగినట్టుంటుంది కాబట్టి బండి పోతుంటే దాని వెనక గాలి పలచబడి, చక్రాలు లేపిన బురదను అద్దం మీదికి లాక్కుంటుంది. కాబట్టి వెనక వైపర్, దానికో నీళ్ల గొట్టం అవసరమైనది ఈ రకం బండికే. తక్కువ వేరియంట్లలో లేనిదీ అదే. బయట పెట్టిస్తామంటారు గానీ డిక్కీ తలుపుకు రంధ్రం వేయాలి, మోటారు, వైరు, నీళ్ల పైపు అన్నీ లాగాలి. రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే లోపలికి నీళ్లు దిగి తుప్పు పడుతుంది. నేనైతే వద్దంటాను. లీటరు నీళ్ల సీసా, మెత్తటి గుడ్డ డిక్కీలో పెట్టుకుంటే చాలు. ఆగిన ప్రతిచోటా ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే తుడవాలి. పొడిగా తుడిస్తే మట్టిలోని ఇసుక అద్దాన్ని గీస్తుంది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లగానే అద్దాలకు లోపల ఆవిరి పట్టింది. వెనక అద్దానికి ఆవిరి పోగొట్టే వేడి గీతలు లేవు. చాలామంది వెంటనే గుడ్డతో తుడుస్తారు, అయిదు నిమిషాల్లో మళ్లీ పడుతుంది. ఏసీ ఆన్ చేసి, గాలిని ముందు అద్దం వైపు తిప్పి, లోపలి గాలినే తిప్పే మీటను బయటి గాలి వైపుకు మార్చాలి. నలుగురి ఊపిరి తేమ బయటికి పోతేనే అద్దం తేటపడుతుంది. ఏసీ ఎందుకంటే చల్లదనానికి కాదు, అది గాలిలో తేమను పీల్చేస్తుంది. ఒకవేళ ఆవిరి బయటి వైపు పడితే అద్దం మరీ చల్లబడిందని అర్థం, వైపర్ ఒకసారి వేసి ఏసీ చల్లదనం తగ్గించాలి. వైపర్ అంటే గుర్తొచ్చింది, మా దానికి రెండు వేగాలే. ఆగి ఆగి తిరిగేది లేదు. తుంపరలో అది పొడి అద్దం మీద కిర్రుమంటూ తిరుగుతుంటే వెనక కూర్చున్న అమ్మ, "దాన్ని ఆపురా, పండ్లు జివ్వుమంటున్నయ్" అంది.

వెనక సీటుకు ఏసీ రాదని, బాటిల్ పెట్టుకునే చోటు లేదని, కిటికీ అద్దం చేత్తో తిప్పాల్సి వస్తోందని అమ్మ దగ్గర ఇంకా పెద్ద జాబితా ఉంది. ఏసీకి ఉపాయం ఒకటే. నడిమి రెండు గాలి తలుపులను పైకి, ముందు సీట్ల మధ్య సందులోకి తిప్పాలి. మన మొహం మీదికి తిప్పుకుంటే వెనక వాళ్లకు ఏమీ రాదు.

డ్యాము చూశాం, తడిశాం, పార్కింగ్ దొరక్క కిలోమీటరున్నర నడిచాం. అసలు కథ తిరుగు ప్రయాణంలో ఉంది.

వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ముందు ఆర్టీసీ బస్సులు, వెనక బస్సులు, మధ్యలో మనలాంటి చిన్న కార్లు. రెండు బండ్ల దూరం కదలడం, ఆగడం. ఏటవాలులో బ్రేకు మీది నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టేలోపు బండి వెనక్కి జారుతుంది. దీనికే హిల్ హోల్డ్. కాలు తీశాక కూడా సుమారు రెండు సెకన్లు బ్రేకు పట్టి ఉంచుతుంది. దీన్ని బయట పెట్టించడం కుదరదు. చక్రాల బ్రేకు ఒత్తిడిని తనంతట తాను పట్టి ఉంచే స్టెబిలిటీ కంట్రోల్ యూనిట్ ఉన్న బండికే అది వస్తుంది, గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఒక్కటే ఉంటే చాలదు. గేర్లు తనే మార్చుకునే ఏఎంటీ బండి కొనేవాళ్లు ఇది ఉందో లేదో తప్పకుండా అడగాలి. ఎందుకంటే ఏఎంటీ లోపల ఉన్నది మామూలు క్లచ్చే. చిన్నగా యాక్సిలరేటర్ తొక్కుతూ ఎక్కుడు మీద బండిని నిలబెడితే అది కాలిపోతుంది.

మాన్యువల్ గేర్ల వాళ్లకు హ్యాండ్ బ్రేకే దిక్కు. పూర్తిగా లాగాలి, మొదటి గేరు వేయాలి, ఇంజిన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దాకా లేపాలి, క్లచ్ మెల్లగా వదలాలి. బండి ముక్కు కొద్దిగా పైకి లేచినట్టు అనిపించినప్పుడు హ్యాండ్ బ్రేకు దింపాలి. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి, బండిని ఆపి ఉంచడం మాత్రం అస్సలు వద్దు. ముందు బండి కదలగానే వెంట పడొద్దు. మూడు బండ్ల ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి కదలాలి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. కాలిన వాసన వచ్చిందంటే పక్కకు తీసి పావుగంట ఆపాల్సిందే.

నా పక్క వరుసలో ఒక కొత్త బండి. చిన్నదే, కానీ పై వేరియంటు. లోపల పలక అంత తెర, దాని మీద పాట, మ్యాపు, రంగురంగుల లైట్లు. నడిపేది కల్వకుర్తి అతను. అద్దం దించి, "అన్నా, జర చూడరాదె, ఎర్ర లైటు పడ్డది" అన్నాడు. అద్దం దించగానే తీపి వాసన కూడా వచ్చింది, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ వాసన.

ఇక్కడే నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు. అంత పెద్ద తెర ఉన్న బండికి ఇంజిన్ వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, హద్దు దాటితే ఎర్ర లైటు, ఆ రెంటి మధ్య ఏం జరుగుతోందో మనకు తెలియదు. ఎర్ర లైటు హెచ్చరిక కాదు, జరిగిపోయిందని చెప్పే కబురు. (ముల్లున్న బండ్లలోనూ కొన్నింటిలో వేడి కాస్త అటూ ఇటూ అయినా ముల్లు నడిమిలోనే నిలబడేలా చేస్తారు. అయినా అసలు లేనిదానికన్నా నయం.) మా బండికీ లేదు. కానీ 2013 తర్వాతి కార్లకు స్టీరింగు కింద, మెకానిక్ ఇంజిన్ వివరాలు చదివే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి చిన్న బ్లూటూత్ బిళ్ల తగిలిస్తే ఫోన్లో కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. బండి పక్కన పెట్టాక ఆ బిళ్ల తీసేయాలి, లేకుంటే వారం రోజుల్లో బ్యాటరీ దిగిపోవచ్చు. ఆ క్యూలో మా అంకె 92 నుంచి 101కి ఎక్కేది, ఫ్యాన్ గుయ్యిమనేది, మళ్లీ 94కు దిగేది. అది చూస్తూ ఉన్నాను కాబట్టే ఏసీ ఎప్పుడు ఆపాలో తెలిసింది.

అతని బండిని పక్కకు తీయించాను. ఇంజిన్ ఆపించి బానెట్ ఎత్తించాను. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు, ఆపాను. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో పెడితే అంత వేడికి ఫ్యాన్ తనంతట తానే తిరగాలి. తిరగలేదు. ఇలాంటప్పుడు ఒక లెక్క ఉంది. పరుగెత్తినప్పుడు బాగుండి ఆగినప్పుడే వేడెక్కితే తప్పు ఫ్యాన్ వైపు. పరుగెత్తినా వేడెక్కితే నీళ్లు, వాటిని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్, లేదా నీళ్ల పంపు. "డిండి కాడ మంచిగనే వచ్చిందన్నా" అన్నాడు. అయితే ఫ్యానే.

ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజు తీసి చూస్తే బాగానే ఉంది. మిగిలింది రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్చు. అదే పెట్టెలో హారన్ రిలే కూడా ఉంది. రెండింటి మీద అచ్చు వేసిన నంబరు ఒకటే, పిన్నులు నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఇది తప్పక చూడాలి, నంబరు తేడా ఉంటే మార్చొద్దు. తాళం ఆఫ్ చేయించి, హారన్ రిలే పీకి ఫ్యాన్ చోట నొక్కి, మళ్లీ తాళం ఆన్ చేయించాను. ఫ్యాన్ తిరిగింది. వేలు దగ్గర పెట్టకండి, ఎప్పుడు తిరుగుతుందో చెప్పి తిరగదు.

అరగంట ఆగాక కూలెంట్ డబ్బాలో మట్టం చూస్తే కింది గీతకు వేలెడు కింద ఉంది. ఆ డబ్బాలోనే మంచినీళ్లు పోశాం. అది దారిలో గడవడానికే, ఊరికి పోయాక సగం కూలెంట్, సగం శుద్ధి చేసిన నీళ్లు కలిపి నింపించుకోవాలి. ఏసీ వద్దు, లైటు మళ్లీ పడితే హీటరును పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ గట్టిగా తిప్పమన్నాను. ఇంజిన్ వేడి కొంత లోపలికి వస్తుంది. మనకు ఉడుకుతుంది, ఇంజిన్ బతుకుతుంది.

"మరి హారన్ లేకుండ ఘాట్ ఎక్కుడెట్లన్నా?" అన్నాడు.

"పులులుండే అడవి, ఎట్లాగూ కొట్టొద్దు" అన్నాను.

దోమలపెంట చెక్‌పోస్టు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. తొమ్మిదికి గేటు వేస్తే పొద్దున ఆరు దాకా తీయరు కాబట్టి అందరిదీ ఒకటే తొందర. అడవిలో మా లోపలి అద్దానికి రాత్రి వెలుగు తగ్గించే మీట లేదని గుర్తుచేస్తూ వెనకాల బండ్ల తెల్ల లైట్లన్నీ నా కళ్లలోనే పడ్డాయి. అద్దాన్ని కొంచెం పైకి వంచి, పక్క అద్దాలతోనే నడిపాను. వటువర్లపల్లి దగ్గర ఒక లారీ అడ్డం. దాని వెనక పెద్ద అక్షరాలతో 'సౌండ్ హారన్' అని రాసి ఉంది. ఆ లారీ వెనక కల్వకుర్తి బండి, డిప్పర్ కొడుతూ ఉంది. లారీవాడు చూడటం లేదు. చివరికి వెనక కిటికీలోంచి ఒక పిల్లవాడు తల బయటికి పెట్టి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "పీ... పీ..." అని అరవసాగాడు.