ఇంజన్ మీద ఇత్తడి బంతి

మాంచెస్టర్ యునైటెడ్ అనగానే ఎర్ర చొక్కాలే గుర్తొస్తాయి గానీ, 1878లో న్యూటన్ హీత్‌లోని లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే పెట్టెల విభాగం ఉద్యోగులు ఆ ఫుట్‌బాల్ జట్టును మొదలుపెట్టినప్పుడు వేసుకున్నవి ఆకుపచ్చ, బంగారు రంగు చొక్కాలు. ఇప్పటి పేరు 1902లో వచ్చింది.

నాకు అంతకంటే ముచ్చటగా తోచేది 1936-37లో లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే (ఎల్‌ఎన్‌ఈఆర్) చేసిన పని. ఆ రైల్వే ప్రధాన మెకానికల్ ఇంజనీరు నైజెల్ గ్రెస్లీ హయాంలో తయారైన బి17 తరగతి ఆవిరి ఇంజన్లలో కొన్నింటికి ఆర్సెనల్, సండర్లాండ్ వంటి క్లబ్బుల పేర్లు పెట్టి, చక్రం పైకప్పు మీద వంపు తిరిగిన నామఫలకం కింద సగం బంతి ఆకారపు ఇత్తడి బిళ్లను, దానికి ఇరువైపులా క్లబ్బు రంగులను అమర్చారు. మాంచెస్టర్ యునైటెడ్‌కూ ఒక ఇంజన్ దక్కింది. విచిత్రమేమిటంటే, ఆ జట్టుకు పుట్టిల్లయిన రైల్వే అప్పటికే ఎల్‌ఎన్‌ఈఆర్‌కు పోటీదారైన ఎల్‌ఎంఎస్ (లండన్, మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్) రైల్వేలో కలిసిపోయింది.

1960 నాటికి బి17లన్నీ పట్టాలు దిగి తుక్కు కింద పోయాయి. ఒక్కదాన్నయినా దాచి ఉండవలసింది. నామఫలకాలు మాత్రం కొన్ని మిగిలాయి.