పది జీబీ దగ్గర ఆగిన బిల్లింగ్

మా బాబాయ్‌ది విజయవాడలో మందుల హోల్‌సేల్. మూడు కంప్యూటర్లతో మొదలైన బిల్లింగ్ ఇప్పుడు పదకొండుకి చేరింది, గుంటూరులో బ్రాంచి కూడా పడింది. ఇన్నిటికీ కలిపి "సర్వర్" అంటే కౌంటర్ కింద అట్టపెట్టెల మధ్య ఇరికించిన ఒక మామూలు డెస్క్‌టాప్.

పోయిన మార్చి నెలాఖరున, అసలే ఇయర్ ఎండింగ్ టెన్షన్‌లో ఉండగా, బిల్లు సేవ్ అవ్వడం ఆగిపోయింది. "ఒరేయ్, డిస్క్ నిండిపోయిందంటున్నారు, పెద్దది కొనమంటావా?" అని బాబాయ్ ఫోన్. హైదరాబాద్ నుంచి రిమోట్‌లో చూస్తే డిస్క్ సగానికి పైగా ఖాళీగానే ఉంది. నిండింది డేటాబేస్, అంటే బిల్లుల వివరాలన్నీ దాచుకునే చోటు. ఆ సాఫ్ట్‌వేర్ కింద నడిచేది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019, ఉచిత ఎడిషన్. అందులో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా నాలుగే వాడుకుంటుంది. దాచిన సంగతేమీ కాదు, చూసుకోనిది మేమే. నా ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం, అయినా బాబాయ్ కొట్టు విషయంలో ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు.

తీరా చూస్తే నింపింది బిల్లులు కాదు. రెండేళ్ల కింద ఎవరో ముచ్చటపడి కొనుగోలు బిల్లుల స్కాన్ ఫోటోలు కూడా డేటాబేస్‌లోనే పడేలా పెట్టారు, ఆ ఒక్క టేబులే (డేటాబేస్ లోపలి పట్టిక) 6 జీబీ. ముందు బ్యాకప్ తీసి, ఫోటోలన్నీ ఫోల్డర్‌లోకి లాగి, టేబుల్ ఖాళీ చేసేసరికి సాయంత్రం ఆరు. అప్పటిదాకా కుర్రాళ్లు చేత్తో చీటీలు రాసి, రాత్రి కూర్చుని బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలతో సహా మళ్లీ ఎక్కించారు.

ఆ ఆదివారం బాబాయ్ "ఎంతైనా పర్లేదు, పెద్ద సర్వర్ చెప్పు" అన్నారు. పెద్దది కొన్నా ఆ 10 జీబీ అలాగే ఉంటుంది కదా. అందుకే ముందు ఒకటి అడిగాను, ఎన్ని గంటలు ఆగితే తట్టుకోగలం బాబాయ్ అని. "ఒక్క నిమిషం కూడా కుదరదు." అందరూ అలాగే అంటారు లెండి. ఒక సర్వర్ పడిపోగానే రెండోది అందుకునేలా పెట్టాలంటే ఎంతవుతుందో కాగితం మీద లెక్క కట్టి చూపించాక, పొద్దున ఆగితే మధ్యాహ్నం వ్యాన్ బయల్దేరేలోపు వస్తే చాలన్నారు. అంటే నాలుగు గంటలు. మిగతా కొనుగోళ్లన్నీ ఆ నాలుగు గంటల మాటని బట్టే నడిచాయి.

ఫోటోలు పోయాక డేటా నెలకి 120 ఎంబీ పెరుగుతోంది. ఇప్పుడు 4 జీబీ దగ్గరున్నాం, కొత్త బ్రాంచి వల్ల పెరుగుదల రెట్టింపైనా రెండేళ్లు గడుస్తుంది, ఆలోపు పాత ఆర్థిక సంవత్సరాలని వేరే డేటాబేస్‌కి మార్చేయొచ్చు. డబ్బు కట్టే ఎడిషన్ అందుకే వాయిదా. తప్పులు తనే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీతో చిన్న టవర్ సర్వర్, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడేలా మిర్రర్ చేసిన రెండు ఎస్‌ఎస్‌డీలు, యూపీఎస్ కొని మేడ మీద గదిలో పెట్టాం. మిర్రర్ ఉంది కదా ఇంక బ్యాకప్ దేనికన్నాడు మా తమ్ముడు. పొరపాటున ఒక టేబుల్ తుడిచేస్తే రెండు డిస్క్‌ల్లోనూ ఒకేసారి పోతుందిరా నాయనా.

హైదరాబాద్‌లో 2022 నుంచి అమెజాన్ క్లౌడ్ రీజియన్ (అద్దెకిచ్చే సర్వర్ల కేంద్రాలు) ఉంది, అన్నీ అక్కడే పెట్టేయొచ్చు కదా అని కూడా అడిగాడు. పెట్టొచ్చు, కానీ ఈ పాతకాలపు సాఫ్ట్‌వేర్ ఒక్క బిల్లుకే డేటాబేస్‌తో వందసార్లు మాట్లాడుతుంది, కొట్లో తెలియని ఆలస్యం ఇంటర్నెట్ మీద నరకంలా ఉంటుంది. అందుకని బిల్లింగ్ కొట్లో, బ్యాకప్ కాపీ క్లౌడ్‌లో. అలాగని నెట్ లేకుండా కుదురుతుందా అంటే అదీ లేదు. 5 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, జీఎస్టీ నంబరున్న షాపుల వాళ్లకి వేసే ప్రతి బిల్లుకీ ప్రభుత్వ పోర్టల్ నుంచి నంబరు రావాలి. కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల లైన్లు. తీగలు ఒకే స్తంభం మీంచి రాకూడదని నేను పట్టుబడితే లైన్ వేసే అబ్బాయి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

గుంటూరు వాళ్లు దూరం నుంచి సర్వర్‌ని వాడుకోవడం కోసం ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారు. లాగ్ చూస్తే రాత్రంతా "అడ్మినిస్ట్రేటర్" పేరుతో బయటివాళ్లు కొట్టి చూసిన తప్పుడు పాస్‌వర్డ్‌లు, వేలల్లో. గుండె ఆగినంత పనైంది. అది మూసేసి వీపీఎన్ పెట్టాను, అంటే మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి.

బ్యాకప్ డిస్క్ అప్పటిదాకా సర్వర్ పక్క బీరువాలోనే ఉండేది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునగడం కళ్లారా చూశాక కూడా అక్కడే ఉంది! ఇప్పుడొకటి గుంటూరులో ఉంటుంది.

జూన్‌లో బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి చూశాం. సర్వర్ పోయిందనుకుని, పాత డెస్క్‌టాప్ మీద అన్నీ మొదటి నుంచీ ఎక్కించాలి. బాబాయ్ వాచీ చూసుకుంటూ పక్కన కుర్చీ వేసుకున్నారు. డేటాబేస్ పది నిమిషాల్లో లేచింది, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మాత్రం కొత్త సర్వర్‌కి ముడిపడి ఉంది, ఆదివారం కాబట్టి అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఐదు గంటలు దాటింది. ఇప్పుడు పాత మిషన్‌కి కూడా రెండో లైసెన్స్ తీసుకుని సిద్ధంగా ఉంచాం, రెండోసారి గంటా యాభై నిమిషాలు.

యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో మాత్రం ఇంకా చూడలేదు. దానికి కరెంటు మెయిన్ ఆపాలి, బాబాయ్ ససేమిరా అంటున్నారు.