పదే పదే

యాని కాని చ పాపాని జన్మాంతర కృతాని చ
తాని తాని ప్రణశ్యంతి ప్రదక్షిణ పదే పదే

చిన్నప్పుడే నోటికొచ్చిన శ్లోకం. పదే పదే అంటే మళ్లీ మళ్లీ అనుకునేవాణ్ణి. మన తెలుగులో అంతే కదా! ఎన్ని చుట్లు తిరిగితే అంత పుణ్యమని మూడు, పదకొండు లెక్కపెట్టుకుంటూ గుడి చుట్టూ దాదాపు పరుగే. సంస్కృతంలో పదమంటే అడుగు. పాపం పోయేది అడుగడుగునా అట, చుట్టు పూర్తయ్యాక కాదు. ఈ సంగతి, విష్ణువు తాబేలు రూపంలో కొలువైన శ్రీకూర్మం వెళ్లేదాకా నా తలకెక్కలేదు.

విజయనగరం నుంచి పెద్దమ్మను తీసుకుని తెల్లారకముందే కారులో బయల్దేరాం. ఒక్క రోజులో శ్రీకాకుళం వైపున్న మూడు గుళ్లు, అరసవల్లి సూర్యదేవుణ్ణి, శ్రీకూర్మాన్ని, శ్రీముఖలింగం శివుణ్ణి చుట్టేద్దామని నా ప్లాను. అరసవల్లిలో దర్శనం తొందరగానే అయింది. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులైతే అక్కడ కాలు పెట్టే సందుండదు.

పెద్దమ్మ మనసంతా శ్రీకూర్మం మీదే. పెదనాన్న పోయిన ఏడాది అన్నయ్య అక్కడి కోనేరు శ్వేతపుష్కరిణి దగ్గరే పిండప్రదానం చేశాడు. మా వైపు చాలామంది పితృకార్యాలకు ఇక్కడికే వస్తారు.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ప్రదక్షిణ మండపంలో ఒక్కో స్తంభం పట్టుకుని, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అడుగేస్తోంది. నేనేమో ఫోనులో టైము చూసుకుంటున్నాను.

"ఏటి నాయినా అంత తొందర? సామి తాబేలు కదా, పరిగెడితే నవ్విపోడా?" అంది.

నిండు చూలాలు నూనె కడవ మోస్తూ నడిచినట్టు ప్రదక్షిణ చెయ్యాలంటారు పెద్దలు. విన్న మాటే. కళ్లారా చూడడం మాత్రం అదే మొదలు.

ఆవిడతో పాటు నేనూ ఆగుతుంటే ఒక్కోటీ కనబడడం మొదలెట్టాయి. ఆ నల్లరాతి స్తంభాల నిండా శాసనాలు, ఒకప్పుడు కళింగాన్ని ఏలిన గంగరాజుల కాలం నాటివీ ఉన్నాయి. గుడిలో అఖండదీపం వెలగడానికి ఎవరేమిచ్చారో చెక్కించుకున్నారు. పెద్దమ్మ చెయ్యి ఆన్చిన చోట అక్షరాలు అరిగి నున్నగా ఉన్నాయి. గోడల మీద వెలిసిపోయిన రంగుల బొమ్మలు. ఈ గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఇదివరకు రెండుసార్లు వచ్చాను, రెండోదాన్ని చూసిన గుర్తే లేదు!

ఆవరణలో ఓ నక్షత్ర తాబేలు ఆకుకూర కాడ నములుతోంది. నల్లటి డొప్ప మీద పసుపు చారలు. ఎవరో పిల్లాడు దగ్గరికి వంగగానే తల, కాళ్లు లోపలికి లాక్కుంది. ఇంద్రియాలను ఇలాగే లోపలికి లాక్కునే స్థితప్రజ్ఞుడికి గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన పోలిక ఇదే. ఫోను జేబులో పడేశాను.

ముఖలింగం ఆ రోజు అవలేదు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది, డ్రైవరే అయ్యుంటాడు. అప్పటికి పడమటి ధ్వజస్తంభం దగ్గరికొచ్చాం. పెద్దమ్మ దానికి దండం పెట్టుకుని, నా భుజం పట్టుకుంది. ఇంకా సగం చుట్టు ఉంది.