నలభై ఐదు నిమిషాల నడక, నాలుగు చెంచాల నూనె

72 కిలోల మనిషి ముప్పావు గంట చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికన్నా అదనంగా ఖర్చయ్యేది దాదాపు 180 కేలరీలు. నాలుగు టీస్పూన్ల నూనెలో ఉండేదీ ఇంచుమించు అంతే. పొద్దున్నే లేచి, బూట్లు కట్టుకుని, చెమటోడ్చి ఖర్చు చేసినదంతా వంకాయ వేపుడు మూకుడులో ఒక్క వంపుతో తిరిగి వచ్చేస్తుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లు మొదట ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒంట్లో కొవ్వు కరగాలంటే ఖర్చుకన్నా తిండి తక్కువ ఉండాలి, ఆ లోటులో ఎక్కువ భాగం వంటింట్లోనే ఏర్పడాలి. కొవ్వుతో పాటు కండ కూడా పోకుండా చూడటం, తగ్గిన బరువు మళ్లీ ఎక్కకుండా కాపాడటం వ్యాయామం వంతు. వంటిల్లు చేయాల్సిన పనిని నడకకు అప్పగించినవాళ్లకే నెలల తరబడి నడిచినా ముల్లు కదలదు.

లెక్క మీ ఖర్చు నుంచి మొదలవ్వాలి. దానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియార్ సూత్రం చాలు. బరువు కిలోల్లో తీసుకుని 10తో, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి రెండూ కలపండి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయండి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. 38 ఏళ్లు, 157 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువున్న మహిళకు ఇది 1,350 వస్తుంది. రోజంతా కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చు చేసేది అంత. ఇంటిపని, ఆఫీసులో కుర్చీ పని ఉన్నవాళ్లు దీన్ని 1.375తో గుణిస్తే 1,850 దరిదాపుల్లో తేలుతుంది. ఇది అంచనాయే, నూటికి పది అటూ ఇటూ ఉండొచ్చు. అసలు జవాబు మూడు వారాల తర్వాత మీ తూకమే చెబుతుంది.

ఆమె రోజుకు 1,500 కేలరీలు తింటే తిండిలో లోటు 350. వారానికి ఐదు రోజులు ముప్పావు గంట నడిస్తే మరో 890. వారం మొత్తానికి 3,340 కేలరీల లోటు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు అనుకుంటే వారానికి 400 గ్రాముల పైచిలుకు తగ్గుతుంది. చాలామందికి ఈ అంకె చిన్నగా కనిపిస్తుంది. కానీ ఆరు నెలలు నిలబడేది ఈ వేగమే. ఆడవాళ్లు 1,200కు, మగవాళ్లు 1,500కు దిగువకు సొంతంగా దిగకూడదని నా గట్టి అభిప్రాయం. మరీ తగ్గించి తింటే కండ కరుగుతుంది, రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లతో రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక కొలతలు. మన ఇళ్లలో లెక్క తప్పేది ముఖ్యంగా రెండు చోట్ల, బియ్యం దగ్గర, నూనె దగ్గర. వంద గ్రాముల పచ్చి బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. అదే బియ్యం వండితే నీళ్లు పీల్చుకుని రెండున్నర నుంచి మూడు రెట్ల బరువవుతుంది, కాబట్టి వంద గ్రాముల అన్నంలో ఉండేది 130 మాత్రమే. కేలరీలు లెక్కపెట్టే యాప్‌లో ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తే లెక్క ఒక్క దెబ్బకు తలకిందులవుతుంది. అందుకని ఎప్పుడూ పచ్చి బియ్యమే తూచండి. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో పట్టే బియ్యం 150 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక్క కప్పే 530 కేలరీలు. ముగ్గురికి రెండు కప్పులు వండితే ఎవరి వంతు ఎంతో అప్పుడు సులువుగా తేలుతుంది.

నూనెకు అంతకన్నా సులువైన లెక్క ఉంది. నెలకు ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతే అది సుమారు 4,550 గ్రాములు. నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే తలకు రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. నెయ్యి, కొబ్బరి, వేరుశనగ పప్పు ఇందులో చేరలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లేనికి, అంటే రోజు మొత్తం తిండికి, చెప్పిన నూనె 27 గ్రాములు. 1,500 పళ్లేనికి 20–23 గ్రాములు మించనివ్వకపోతే మంచిది. సీసా వంచి పోయడం మానేసి టీస్పూనుతో కొలిచి పోయండి. బెండకాయ, దొండకాయ వేపుళ్లకు మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిచ్చి, ఆఖర్లో మూత తీసి వేయిస్తే నలుగురికి నాలుగు టీస్పూన్లు సరిపోతాయి. వంకాయ మాత్రం నూనెను స్పాంజిలా పీలుస్తుంది. దాన్ని ముందు ఆవిరి మీద ఉడికించి తర్వాత పోపులో వేయడమే మార్గం.

బియ్యం బదులు కొర్రలో రాగులో తింటే కేలరీలు సగమైపోతాయన్న నమ్మకం ఈ మధ్య బాగా పాకింది. గ్రాముకు గ్రాము చూస్తే రాగులు, జొన్నలు, కొర్రలు 320 నుంచి 340 మధ్యే ఉంటాయి, బియ్యానికి పెద్ద తేడా లేదు. వాటిలో పీచు ఎక్కువ కాబట్టి కొంచెంతోనే కడుపు నిండుతుంది, లాభం అక్కడ. కొర్రన్నం కదా అని రెండోసారి వడ్డించుకుంటే ఆ లాభం పోయినట్టే. మన పదార్థాలకు విదేశీ యాప్‌లలోని అంకెలకన్నా జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు నమ్మదగినవి.

1,500 కేలరీల రోజు ఎలా ఉంటుందో ఒక నమూనా చూడండి. పొద్దున 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బిన రెండు పెసరట్లు, టీస్పూను నూనె, కాస్త అల్లం పచ్చడి కలిసి 240. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో తోటకూర పప్పు, 200 గ్రాముల ఏదైనా కూర, రెంటికీ కలిపి రెండు టీస్పూన్ల నూనె, 150 గ్రాముల పెరుగు కలిసి 600. సాయంత్రం రెండు ఉడికించిన గుడ్లు 150, ఒక చెంచా చక్కెరతో పాలు పోసిన టీ 60. రాత్రి 60 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు, వంద గ్రాముల ఎముకల్లేని కోడి మాంసం ఇగురు, ఇంకో కూర, రెండు టీస్పూన్ల నూనె కలిసి 450. ప్రోటీన్ 75 గ్రాముల చుట్టూ వస్తుంది. చేరదలచిన బరువు 62 కిలోలైతే కిలోకు 1.2 గ్రాముల లెక్కన ఇది సరిపోతుంది. మాంసం తినని ఇంట్లో 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్ 15 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది. గుడ్ల బదులు గుప్పెడు శనగల గుగ్గిళ్లు పెట్టుకోవచ్చు, కాకపోతే అందులో గుడ్లకు సగం ప్రోటీనే వస్తుంది, మిగతాది పెరుగుతోనో పనీర్‌తోనో పూడ్చాలి. పప్పు అన్నంలో కలిసిపోయేంత పలచగా కాకుండా గట్టిగా ఉండాలి. గరిటెడు నీళ్లపప్పును నమ్ముకున్న శాకాహారులకు ప్రోటీన్ చాలకపోవడం మామూలుగా కనిపించే సంగతే.

వ్యాయామంలో నడకకు ఇచ్చినంత విలువ బరువులెత్తడానికి మనం ఇవ్వడం లేదు. ఇది బాధాకరం, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ల విషయంలో. తిండి తగ్గించినప్పుడు ఒళ్లు కొవ్వునే కాదు, కండనూ వాడుకుంటుంది. ఈ కండ నాకు కావాలి అని ఒంటికి చెప్పగలిగేది బరువు మోసే వ్యాయామమే. జిమ్ లేకపోయినా ఫర్వాలేదు. కుర్చీ మీద నుంచి లేచి కూర్చోవడం, వంటగది గట్టు మీద చేతులానించి పుషప్‌లు, పుస్తకాలు నింపిన బ్యాగును నడుము వంచి పొట్ట వైపు లాగడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, ఈ నాలుగూ వారానికి రెండుసార్లు చాలు. ఒక్కొక్కటి మూడు విడతలు, విడతకు 8 నుంచి 12 సార్లు. ఇంకో రెండు మాత్రమే చేయగలను అనిపించిన దగ్గర ఆపాలి. పన్నెండూ తేలికగా అవుతున్నాయంటే బ్యాగులో ఇంకో పుస్తకం పెట్టాలి. ఆ పెంచడం ఆగితే కండకూ పని ఆగినట్టే. అయితే కండ పెరిగితే కూర్చున్నా కేలరీలు కరిగిపోతాయన్న ప్రచారాన్ని నమ్మకండి. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది 13 కేలరీల దాకా మాత్రమే. కండ విలువ మోకాళ్ల బలంలో, చక్కెర అదుపులో ఉంది.

నడిచినంత తినడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. వాచీ 400 చూపించింది కదా అని పార్కు బయట మసాలా దోశ తింటే, చట్నీలతో కలిపి ఆ నాలుగు వందలూ ఒళ్లోకి వచ్చేస్తాయి. పైగా అసలు ఖర్చయింది 180. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు సరిగ్గానే చూపినా, కేలరీల దగ్గర అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. వాచీని అడుగులు లెక్కపెట్టడానికి వాడుకోండి, తిండి లెక్కకు వద్దు. మీరే లెక్క వేసుకోవాలంటే చురుకైన నడకకు గంటకు కిలో బరువుకు 3.3 కేలరీలు అదనపు ఖర్చు అనుకోండి.

అందులోనే ఇంకో మెలిక ఉంది. రోజువారీ ఖర్చు కట్టేటప్పుడు 'వారానికి ఐదు రోజులు వ్యాయామం' అని 1.55తో గుణించి, మళ్లీ నడక కేలరీలను విడిగా కలిపితే ఒకే నడకను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. పొద్దున నడిచామన్న ధీమాతో లిఫ్ట్ ఎక్కడం, మధ్యాహ్నమంతా సోఫాలో గడపడం కూడా చూస్తూనే ఉంటాం. అందుకే నడక నిమిషాలతో పాటు రోజు మొత్తం అడుగులూ గమనించాలి. నడక మొదలుపెట్టకముందు 4,000 ఉంటే, మొదలుపెట్టాక తొమ్మిది వేల చుట్టూ ఉండాలి. 6,000 దగ్గరే ఉంటే మిగతా రోజులో కదలిక తగ్గిందన్నమాట.

ఆదివారం సంగతి వేరే చెప్పాలి. ఆరు రోజులు పద్ధతిగా తిని, ఐదు రోజులు నడిస్తే పోగయ్యే లోటు 2,990. ఆదివారం బిర్యానీ, కూల్‌డ్రింక్, డబల్ కా మీఠా, రాత్రి మిగిలిన బిర్యానీ కలిసి 3,300 చేరడం కష్టమేం కాదు. అది ఖర్చుకన్నా 1,450 ఎక్కువ. వారం కష్టంలో మిగిలేది 1,540, అంటే 200 గ్రాములు. బిర్యానీ మానక్కర్లేదు. ఆ రోజు పొద్దున గుడ్లు, పెరుగుతో సరిపెట్టి, బిర్యానీని ఒక్క పూటకే ఉంచి, రాత్రికి మజ్జిగ, కూరగాయలతో ముగిస్తే రోజు 1,900 దగ్గర ఆగుతుంది.

తూకం చదవడం కూడా నేర్చుకోవాలి. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గితే అందులో ఎక్కువ భాగం నీళ్లే. కండల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకునే పిండిపదార్థమైన గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖాళీ అవుతుంది. ఆవకాయ, అప్పడాలు గట్టిగా తిన్న మర్నాడు కిలో పెరిగితే అదీ నీళ్లే. నెలసరి ముందు రోజుల్లో, కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టిన వారంలో కూడా అంతే. రోజూ పొద్దున మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, ఏమీ తాగకముందు తూచుకుని ఏడు రోజుల సగటు రాసుకోండి. ఆడవాళ్లు ఈ నెలసరి చక్రంలోని మూడో వారాన్ని పోయిన చక్రంలోని మూడో వారంతో పోల్చాలి. పదిహేను రోజులకోసారి కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు పెట్టి నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది భారతీయుల కోసం పెట్టుకున్న హద్దు.

చక్కెర జబ్బుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గించి నడక పెంచితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మొదలుపెట్టేముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి. నడిచేటప్పుడు జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కలు పాటించకూడదు.

మూడు వారాల సగటు కదలకపోతే వెంటనే తిండి కోయవద్దు. ముందు ఒక వారం నూనె, చిరుతిండి, టీలో చక్కెర, పిల్లల కంచంలో మిగిలిన ముద్దలతో సహా అన్నీ తూచి రాయండి. తేడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే సూత్రాన్ని కొత్త బరువుతో మళ్లీ కట్టండి. 72 నుంచి 66కు దిగిన మనిషికి రోజు ఖర్చు 80 కేలరీలు తగ్గి ఉంటుంది, అదే నడకకు ఇప్పుడు 163 మాత్రమే ఖర్చవుతాయి. అప్పుడు మధ్యాహ్నం బియ్యంలో 20 గ్రాములు తగ్గించి, రాత్రి భోజనం తర్వాత పావుగంట నడక కలపండి. పప్పు, గుడ్లు, పెరుగు జోలికి వెళ్లకండి.