గర్జన సంగతి తర్వాత, ముందు సబ్

మా పిన్ని కొడుకు డబ్‌స్టెప్ (బరువైన బేస్ మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం) చేస్తానని కూర్చున్నప్పటి నుంచి నన్ను ఒకటే ప్రశ్నతో వేపుకు తింటున్నాడు. "అక్కా, ఆ గుర్రుమనే సౌండ్ ఏ ప్లగిన్‌లో ఉంటుంది?" ప్లగిన్ అంటే సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ఏదో ఒక పేరు చెబితే వెంటనే డౌన్‌లోడ్ చేస్తాడు, అందులో ముందే తయారుగా ఉన్న సౌండ్లు, అంటే ప్రీసెట్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూస్తాడు, నచ్చినవి నాలుగైదు తీసి పక్కపక్కన పేరుస్తాడు. విన్నవాళ్లకి అది ట్రాక్‌లా ఉండదు, ప్లగిన్ డెమోలా ఉంటుంది. వాడికి ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినవన్నీ ఒకచోట రాస్తే మొదలుపెట్టే ఇంకొకరికైనా పనికొస్తాయని ఈ పోస్టు.

ఆ గుర్రుమనే సౌండ్ లేకుండా కూడా డబ్‌స్టెప్ ఉంది. నిజానికి ముందు పుట్టింది అదే. 2000ల మొదట్లో దక్షిణ లండన్‌లోని క్రోయిడన్ వైపు కుర్రాళ్లు యూకే గరాజ్ అనే డ్యాన్స్ సంగీతంలోంచి వోకల్స్ తీసేసి, డ్రమ్స్ పలచన చేసి, బేస్‌ని కిందికి దింపుకుంటూ పోయారు. క్రోయిడన్‌లో బిగ్ యాపిల్ అనే రికార్డుల షాపు వాళ్ల అడ్డా. 2005లో మాలా, కోకీ, లోఫా కలిసి బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ పేరుతో క్లబ్ నైట్లు మొదలుపెట్టారు. ఆ రోజుల ట్రాకులు వింటే అరుపులు, కేకలు దాదాపు ఉండవు. స్నేర్ (చప్పున మోగే డ్రమ్) ఒకటి పడుతుంది, దాని చుట్టూ బోలెడంత ఖాళీ, కింద ఛాతీలో తెలిసే బేస్. 2010 నుంచి స్క్రిల్లెక్స్ లాంటి ప్రొడ్యూసర్ల వల్ల ప్రపంచానికి ఎక్కువగా చేరింది మాత్రం గుర్రుమనే రెండో రకం. నాకు రెండూ ఇష్టమే, పెద్ద శబ్దమంటే చిన్నచూపేమీ లేదు. నేర్చుకోవడానికి మాత్రం మొదటి రకమే మంచిదని నా పట్టుదల. అందులో దాచుకోవడానికి చోటుండదు, ఏది తేడా కొట్టినా వెంటనే చెవికి దొరుకుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ అన్న చర్చకి నా దగ్గర ఓపిక తక్కువ. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, రీపర్, ఏదైనా సరే. ఆ క్రోయిడన్ కుర్రాళ్లలోని స్క్రీమ్, బెంగా టీనేజ్‌లో ఫ్రూటీలూప్స్‌లో చేశారు, అదే ఇప్పటి ఎఫ్ఎల్ స్టూడియో. బరియల్ అనే లండన్ సంగీతకారుడైతే సీక్వెన్సర్ జోలికే పోకుండా, ఆడియో కత్తిరించుకునే సౌండ్ ఫోర్జ్‌లో తన తొలి ట్రాకులు కట్టాడు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది గానీ, లైసెన్స్ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. ట్రయల్‌లో ఉన్నవాళ్లు కుర్చీలోంచి లేచే ముందే ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. సింథ్‌కి (సౌండ్ పుట్టించే ప్లగిన్‌కి) వైటల్ చాలు, దాని బేసిక్ వెర్షన్ ఉచితం.

ఇక పనిలోకి వద్దాం. టెంపో 140 (నిమిషానికి 140 బీట్లు) పెట్టండి. కిక్ (కింద దుమ్మనే డ్రమ్) మొదటి బీట్ మీద, స్నేర్ మూడో బీట్ మీద. అంతే, రెండూ నాలుగూ ఖాళీ. టెంపో 140 అయినా తల మాత్రం 70కే ఊగుతుంది, దీన్నే హాఫ్‌టైమ్ అంటారు. 140 దగ్గర ఒక బార్ (నాలుగు బీట్లు) నిడివి సుమారు 1.7 సెకన్లు. అంటే ఒక స్నేర్‌కీ ఇంకో స్నేర్‌కీ మధ్య అంతసేపు మీ చేతిలో ఉంటుంది. కొత్తవాళ్లకి అంత ఖాళీ చూస్తే కంగారు పుడుతుంది, ఏదో ఒకటి కుక్కేయాలనిపిస్తుంది. కుక్కకండి. హై హ్యాట్స్ (చిక్‌చిక్‌మనే తాళాలు) మాత్రం కాస్త సన్నగా, అక్కడక్కడ ట్రిప్లెట్‌గా (రెండు దెబ్బల చోట మూడు) వేయండి. కిందంతా నింపాదిగా నడుస్తుంటే పైన హ్యాట్స్ వేగంగా చిందులేయడంలోనే ఈ శైలికి ఉన్న ఊపంతా ఉంది. ప్రాజెక్ట్‌నే 70కి పెట్టుకుంటే పోలేదా అని మావాడు అడిగాడు. పెట్టుకోవచ్చు, వినడానికి తేడా ఉండదు. కానీ గ్రిడ్ మీద హ్యాట్స్ అన్నీ ఇరుకైపోయి ఎడిటింగ్ తలనొప్పిగా ఉంటుంది.

స్నేర్ ఎంపిక దగ్గర మొహమాటపడకండి. శాంపిల్ ప్యాక్‌లోంచి తీసుకోవడం తప్పేమీ కాదు. 200 హెర్ట్జ్ ప్రాంతంలో కాస్త కండ ఉన్న స్నేర్ ఒకటి, పైన చిటుక్కుమనే క్లాప్ ఒకటి కలిపితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు మనిషి, సబ్, అంటే అన్నిటికంటే కిందుండే బేస్. సైన్ వేవ్ (ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరం) ఒక్కటి. ఫిల్టర్ లేదు, ఎఫెక్ట్ లేదు, స్టీరియో అస్సలు వద్దు, మోనో. ఎఫ్ నోట్ చుట్టుపక్కల మొదలుపెట్టండి. 43.65 హెర్ట్జ్ దగ్గరున్న ఎఫ్ శరీరానికి తెలిసేంత కిందే ఉంటుంది, మంచి స్పీకర్లు పలికించగలిగేంత పైనా ఉంటుంది. అక్కడి నుంచి కింది సీకి దిగితే 32.7 హెర్ట్జ్. చాలా స్పీకర్లు అక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ఇందులో ఓ చిక్కుంది. ఈ ఎఫ్‌ని ఏబుల్టన్ ఎఫ్0 అంటుంది, ఎఫ్ఎల్ స్టూడియో ఎఫ్2 అంటుంది. ఎవరి లెక్క వాళ్లది. ఒక దాంట్లో చేసిన వీడియో చూస్తూ ఇంకో దాంట్లో అదే నంబరు నొక్కితే సబ్ బదులు ఇంకేదో మోగుతుంది. నంబరు వదిలేసి, స్పెక్ట్రమ్ అనలైజర్‌లో హెర్ట్జ్ చూసుకోవడమే మేలు.

లాప్‌టాప్ స్పీకర్లలో ఇది వినిపించదు. "అక్కా, సబ్ పనిచేయట్లేదు" అని వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ ఈ బాపతే. సబ్ శుభ్రంగా పనిచేస్తోంది, స్పీకర్‌కే ఆ శక్తి లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. చిన్న స్పీకర్లలో కూడా జాడ తెలియాలంటే సబ్ మీద కొద్దిగా సాచురేషన్ (సన్నని డిస్టార్షన్) వేయాలి. 44 దగ్గరున్న నోటుకి 87, 131, 175 అలా పైన హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్లలో వచ్చే స్వరాలు) పుడతాయి. కింది నోటు స్పీకర్‌లో రాకపోయినా, ఈ పైవాటి వరస విని మెదడే దాన్ని ఊహించుకుంటుంది. కొద్దిగా అన్నాను సుమా. నాబ్ సగం దాటితే అది సబ్ కాదు, ఇంకో బేస్.

కిక్, సబ్ ఒకే చోట నిలబడి కొట్టుకుంటాయి. సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెడితే కిక్ పడ్డప్పుడల్లా సబ్ తల వంచుతుంది. నేనైతే అంతకంటే ముందు కిక్ తోకని కత్తిరించి చూస్తాను, సగం గొడవ అక్కడే తీరుతుంది. కిక్ పడే చోట సబ్ నోటుని కాస్త ఆలస్యంగా మొదలుపెట్టినా సరే.

వాబుల్ (వావ్ వావ్‌మని ఊగే బేస్) దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడే చెవికి చదువు వస్తుంది. వైటల్‌లో సా వేవ్ (హార్మోనిక్స్ నిండుగా ఉండే గరుకు స్వరం) ఒకటి తీసుకోండి. దానికి 24 డెసిబెల్ లో పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని కోసేది) పెట్టి, కటాఫ్‌ని (కోత మొదలయ్యే చోటుని) బాగా కిందికి లాగండి. సౌండ్ దుప్పటి కింద దూరినట్టు అయిపోతుంది. ఇప్పుడు ఎల్ఎఫ్ఓని (నాబ్‌ని తనంతట తానే ఊపే నిదాన తరంగాన్ని) ఆ కటాఫ్ మీదకి లాగి వదలండి, రేట్‌ని టెంపోతో కలిపి క్వార్టర్ నోట్ పెట్టండి. వావ్, వావ్, వావ్ అంటుంది. ఎల్ఎఫ్ఓ గీత మెల్లగా ఎక్కి టక్కున పడేలా గీస్తే "వ్వా" అని నోరు తెరిచినట్టుంటుంది. టక్కున ఎక్కి మెల్లగా దిగేలా గీస్తే "ఆవ్" అని నోరు మూసినట్టు. రెసొనెన్స్ (కటాఫ్ దగ్గరి స్వరాన్ని ఎత్తి చూపేది) పెంచితే ఆ అచ్చు ఇంకా స్పష్టమవుతుంది. రేట్‌ని ఎనిమిదో నోటుకి మార్చండి, తర్వాత ఎనిమిదో నోటు ట్రిప్లెట్‌కి. 140 దగ్గర ట్రిప్లెట్ అంటే సెకనుకి సరిగ్గా ఏడుసార్లు. స్నేర్‌కి ముందు నిదానంగా, స్నేర్ పడ్డాక ట్రిప్లెట్‌గా ఊగేలా రేట్‌ని ఆటోమేట్ చేసి చూడండి. ఒకే నోటు ప్రశ్న వేసినట్టూ జవాబు చెప్పినట్టూ వినిపిస్తుంది. ఎల్ఎఫ్ఓ ట్రిగ్గర్ మోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. ఆ మోడ్‌లో ప్రతి నోటుకీ ఎల్ఎఫ్ఓ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. లేకపోతే ఒక్కోసారి ఒక్కోలా పలికి, నిన్న బాగున్నది ఇవాళ ఎందుకు బాగాలేదని జుట్టు పీక్కోవాలి.

ఈ వాబుల్‌కి 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టి కిందిది కోసేయండి. కింద సబ్ ఒక్కటే ఉండాలి. పైన ఎంత అల్లరి చేసుకున్నా అప్పుడు పర్వాలేదు. డిస్టార్షన్, కోరస్, స్టీరియో వెడల్పు అన్నీ పైదానికే.

ఇక మావాడి ప్రశ్న. ఆ గర్జన ఏ ప్లగిన్‌లోనూ రెడీమేడ్‌గా కూర్చుని లేదు. మాసివ్, 2014లో వచ్చిన సీరమ్, వైటల్, ఏది తీసుకున్నా అవి ముడిసరుకే ఇస్తాయి. ఒక ఆసిలేటర్‌తో (స్వరం పుట్టించే భాగంతో) ఇంకోదాన్ని ఎఫ్ఎం చేయడం (దాని ఫ్రీక్వెన్సీని వేగంగా ఊపడం), వేవ్‌టేబుల్ (వరసగా పేర్చిన తరంగాలు) పొజిషన్‌ని ఎల్ఎఫ్ఓతో కదపడం, అచ్చుల్లా పలికించే ఫార్మెంట్ ఫిల్టర్, డిస్టార్షన్, మళ్లీ ఫిల్టర్, ఓటీటీ లాంటి మల్టీబ్యాండ్ కంప్రెషన్ (కింది, మధ్య, పై స్వరాల్ని విడివిడిగా నొక్కేది). ఇదంతా అయ్యాక అసలు వంట మొదలవుతుంది. ఆ సౌండ్‌ని ఆడియోగా రెండర్ చేసి, బాగున్న అరసెకను ముక్క కోసి, తిరగేసి, పిచ్ మార్చి, మళ్లీ ఎఫెక్ట్‌లలోంచి పంపి, మళ్లీ రెండర్ చేయాలి. దీన్ని రీశాంప్లింగ్ అంటారు. మీకు నచ్చిన గర్జనల్లో చాలావరకు ఇలా పలు చేతులు మారి వచ్చినవే, ప్రీసెట్ నొక్కితే రాకపోవడంలో వింతేముంది? వాడికిది చెప్పాక కాసేపు మొహం ముడుచుకున్నాడు. తర్వాత వాడి దగ్గర ఆడియో ముక్కలకే ఒక ఫోల్డర్ తయారైంది, ఇప్పుడు అప్పుడప్పుడూ నేనే అందులోంచి ఎత్తుకొస్తున్నాను.

ఎనిమిది బార్ల లూప్ చేసి దాన్నే రోజుల తరబడి వింటూ కూర్చోవడం ఈ రంగంలో అందరికీ ఉన్న జబ్బు. మందు ఒక్కటే, మీకిష్టమైన ట్రాక్‌ని ప్రాజెక్ట్‌లోకి లాగి, ఎక్కడ ఏం మొదలవుతుందో ఎక్కడ ఏం ఆగుతుందో మార్కర్లు పెట్టుకోండి. 140 దగ్గర 16 బార్లంటే దాదాపు 27 సెకన్లు. ఇంట్రో 32 బార్లు, డ్రాప్ (బేస్ పూర్తిగా విరుచుకుపడే భాగం) 32 బార్లు అనుకుంటే రెండు నిమిషాలకి దగ్గరగా వచ్చేసినట్టే. డ్రాప్‌కి ముందు ఒక బీట్ అంతా నిశ్శబ్దం వదలండి, రివర్బ్ తోక కూడా లేకుండా కోసేయండి. దీనికి మించిన రైజర్ (డ్రాప్ ముందు ఉత్కంఠ పెంచే సౌండ్) నాకింతవరకూ దొరకలేదు. మార్కర్లు పెట్టుకున్న ఆ రెఫరెన్స్ ట్రాక్ మాస్టరింగ్ (చివరి మెరుగు) అయి బిగ్గరగా ఉంటుంది కాబట్టి మీ దానితో సమానమయ్యేదాకా వాల్యూమ్ తగ్గించి పోల్చండి. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బేస్ మామూలుకంటే తక్కువగా వినిపిస్తుంది, ఇది చెవి స్వభావం. అర్ధరాత్రి చిన్నగా వింటూ బేస్ పెంచుకుంటూ పోతే తెల్లారాక భరించలేరు.

మాస్టరింగ్ గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. మాస్టర్ (మొత్తం సౌండ్ బయటికొచ్చే చానెల్) మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఒకటి వేసి, వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, స్నేహితులకి పంపండి. పంపేటప్పుడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమని గట్టిగా చెప్పండి. లేకపోతే ఫోన్ స్పీకర్‌లో విని "బాగుంది కానీ బేస్ ఎక్కడుంది?" అంటారు, రోజంతా మూడ్ పోతుంది.