బరువైన చెత్త బిన్లను ఎత్తి బోర్లించే బండి: కొనడం నుంచి వాడకం దాకా నా అనుభవం

వందల మందికి వండే వంటశాలలో హౌస్‌కీపింగ్ చూసుకోవడం నా పని. అక్కడ పోగయ్యే తడి చెత్త తీరే వేరు. తొక్కలు, మిగిలిపోయిన వంట, వాటిలోంచి దిగే నీరు అన్నీ కలిసి బిన్ అడుగున ముద్దగా కూర్చుంటాయి. 240 లీటర్ల చక్రాల బిన్ నిండగానే వెనకనున్న పెద్ద కంటైనర్ దగ్గరికి తోసుకెళ్లి, ఇద్దరు చెరోవైపు పట్టి, ఒక్క ఊపున ఎత్తి కుమ్మరించేవారు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. నడుం పట్టేసిందని సెలవు పెట్టేవాళ్లు, భుజం లేవడం లేదు, పని మార్చండి అని అడిగేవాళ్లు వస్తూనే ఉండేవారు. ఇక ఆ పనికి బండి తెప్పించాల్సిందేనని పట్టుబట్టాను. కొనేముందు ఏమేం చూశామో, వాడకంలో ఏది ఎలా తేలిందో ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అసలు బరువెంతో తేల్చుకున్నాం. సరుకు తూచే కాటా మీదికి నిండిన బిన్‌ని ఎక్కిస్తే, బిన్‌తో కలిపి వంద కిలోల పైనే చూపించింది. చక్రాల బిన్లకు యూరప్‌లో ఈఎన్ 840 అనే ప్రమాణం ఉంది. లీటరుకు 0.4 కిలోల లెక్కన 240 లీటర్ల బిన్‌లో 96 కిలోల దాకా నింపవచ్చు. కాగితాలు, ప్లాస్టిక్ వేస్తే ఆ హద్దు దరిదాపులకు కూడా రాదు. తడి చెత్త వేస్తే బిన్ నిండకముందే దాటిపోగలదు. ఇక పనిచేసేచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తే బరువుకు పైహద్దు 23 కిలోలు. అన్నీ అనుకూలం అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతులకు మంచి పట్టు దొరకాలి, నడుం మెలితిరగకూడదు, ఆ పని మాటిమాటికీ చేయకూడదు. చెత్త బిన్ ఎత్తేటప్పుడు వీటిలో ఒక్కటీ కుదరదు. ఇద్దరు పంచుకున్నా తలకు 50 కిలోలు పడుతోంది. 23, 50 అనే రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాక పైవాళ్లతో వాదించాల్సిన పని పెద్దగా పడలేదు.

అయితే బరువు ఒక్కటే చూసుకుని బండి కొంటే డబ్బు దండగ. మావాళ్లు ఎత్తుతుంటే పక్కన నిలబడి గమనించాను. నేల నుంచి నడుం దాకా ఎత్తడం ఒక ఎత్తు. కంటైనర్ అంచు మీద బిన్‌ని ఆనించి, దాని అడుగు పైకి లేపి, లోపల అంటుకున్నది రాలేదాకా చేతులు భుజాలపైన ఉంచి ఊపడం మరో ఎత్తు. ముద్ద ఉన్నట్టుండి జారితే బిన్ ఒక్కసారిగా తేలికై పట్టు తప్పుతుంది. మణికట్టు మెలిపడేది అప్పుడే, మూత వచ్చి ముఖానికి కొట్టేది అప్పుడే, మురికినీళ్లు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారేది కూడా అప్పుడే. ఎత్తి ఊరుకునే బండి మాకు సరిపోదని, పూర్తిగా బోర్లించేదే కావాలని అక్కడే తేలిపోయింది.

బ్రోషర్లు తిరగేయకముందే టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాం. మా 1100 లీటర్ల కంటైనర్ అంచు నేల నుంచి సుమారు 1.3 మీటర్లుంది. బిన్ తిరిగేటప్పుడు దాని నోరు, వేలాడే మూత ఆ అంచును తాకకుండా లోపలివైపుకు రావాలి. బ్రోషర్‌లో లిఫ్ట్ ఎత్తు అని ఒక అంకె వేస్తారు. అది బిన్ అడుగు చేరే ఎత్తా, బోర్లించాక నోరు ఉండే ఎత్తా అని అడిగి రాయించుకోవాలి. రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

తర్వాత బిన్ల పైఅంచులు చూశాం. చాలా బండ్లు బిన్ ముందువైపు అంచు కిందికి ఒక పళ్ల పట్టీ దూర్చి పైకి లేపుతాయి. చెత్త లారీల వెనక బిన్లు ఎత్తే ఏర్పాటు కూడా ఇలాంటిదే. మా బిన్లలో కొన్నిటి అంచులు పగిలాయి, కొన్నిటివి ఎండకు వంగాయి. అలాంటి అంచు పళ్లకు సరిగా చిక్కదు, పైకెళ్లాక జారిందంటే కింద ఎవరుంటారో చెప్పలేం. వాటన్నిటినీ ముందే పక్కన పెట్టించాను.

ఇక దారి. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనిమీదే. వంటశాల తలుపు దగ్గర గడప, నేలలో నీళ్లు పోయే జాలీ, బయటికి వెళ్తే ర్యాంపు. బండి కింది చక్రాలు చిన్నవైతే జాలీ సందుల్లో ఇరుక్కుంటాయి, గడప ఎక్కవు. నైలాన్ చక్రాలు నున్నటి నేల మీద హాయిగా దొర్లుతాయి కానీ గరుకు సిమెంట్ మీద గడగడలాడతాయి. పైగా ఆగి ఉన్న బండిని కదిలించడానికి పట్టే బలం, కదిలాక నడిపించడానికి పట్టే బలం కంటే ఎక్కువ. అంటే మలుపు మలుపుకూ ఆగే దారిలో ఒళ్లు ఎక్కువ హూనమవుతుంది. ఇవన్నీ చూశాక బండిని లోపలికీ బయటికీ తిప్పడమే వద్దనుకున్నాం. బండి కంటైనర్ పక్కనే ఉంటుంది, బిన్లే తమ చక్రాల మీద దాని దగ్గరికి వస్తాయి. బరువు పైకి లేపి ఉండగా బండిని కదిలించడం అసలే ప్రమాదం, ఎందుకంటే బరువు పైకి పోయేకొద్దీ బండి పక్కకు ఒరగడానికి చిన్న గుంత చాలు. బండి ఒకేచోట ఉంటే ఆ గొడవే లేదు.

బండ్లలో రకాలు చాలానే ఉన్నాయి. చేత్తో పంప్ కొట్టే హైడ్రాలిక్ బండికి కరెంటు అక్కర్లేదు, పాడయ్యే భాగాలు తక్కువ. రోజుకు నాలుగైదు బిన్లు ఉండేచోట అదే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. మాకు పూటపూటా వరసగా బిన్లు వస్తాయి కాబట్టి పంప్ కొట్టడమే మరో భుజం నొప్పి అయ్యేది. ఫోర్క్‌లిఫ్ట్‌కు తగిలించే రకం కూడా ఉంది కానీ, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం వచ్చిన మనిషి ప్రతిసారీ ఉండాలి. చివరికి బ్యాటరీతో నడిచే హైడ్రాలిక్ రకాలనే డెమోకు పిలిపించాం.

డెమోకు వచ్చినవాళ్లు శుభ్రంగా కడిగిన ఖాళీ బిన్ పెట్టి చూపించారు. బండి దాన్ని చక్కగా ఎత్తింది, తిప్పింది, దించింది. మా టీమ్‌లో అందరికంటే పెద్దాయన చేతులు కట్టుకుని చూసి, “ఖాళీది నేను ఒంటిచేత్తో ఎత్తుతాను సార్. ఆ మూలనున్నది పెట్టమనండి” అన్నారు. మూలనున్నది పొద్దుటి నుంచి నీరు దిగి ఊరుతున్న బిన్. దాన్ని తోసుకొచ్చి పళ్ల పట్టీకి ఆనించారు. బటన్ నొక్కగానే చైన్ బిగుసుకుంది, బిన్ వెనకచక్రాలు నేల వదిలాయి, నిట్టనిలువుగా పైదాకా వెళ్లి పట్టాల వంపు దగ్గర ముందుకు వాలింది. మూత తెరుచుకుంది, పైనున్న తొక్కలు రాలాయి. అడుగున ముద్ద మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ బండి బిన్‌ని అడ్డంగా పడుకోబెట్టి, ఇంకొంచెం వంచి ఆగిపోతుంది. డెమో అబ్బాయి కర్ర తీసుకుని బిన్ అడుగున కొట్టడం మొదలుపెట్టాడు. పైకి లేచిన బిన్ కింద చెయ్యి పెట్టే అవసరం వచ్చిందంటే ఆ బండి ఆ పనికి సరిపోదన్నమాట.

ఆ తర్వాత చూసిన బండి బిన్ నోరు కిందికి 45 డిగ్రీల వాలు వచ్చేదాకా తిప్పింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత చెరువు గట్టు తెగినట్టు ముద్దంతా ఒక్కపెట్టున జారి కంటైనర్‌లో పడింది. అప్పుడు అందరూ కంటైనర్ వైపు చూస్తుంటే పెద్దాయన బండి వెనకచక్రాల వైపు చూపించారు. అవి అదిరి, కొంచెం జరిగాయి. బోర్లించేటప్పుడు బరువంతా బండికి ముందువైపున వేలాడుతుంది. దాన్ని నిలిపేవి బండి కింద ముందుకు చాచి ఉన్న కాళ్లే. ఆ కాళ్లు కంటైనర్ కిందికో, దానికి అటూఇటూనో వెళ్లగలిగితేనే బండి కంటైనర్‌కు దగ్గరగా నిలుస్తుంది. మా కంటైనర్ కింద ఖాళీ తక్కువ, కాళ్లు దూరలేదు. కాబట్టి బండి దూరంగా నిలిచింది, ముందుకు ఎక్కువగా వంగాల్సి వచ్చింది. అదే తయారీదారు దగ్గర కాళ్లు వెడల్పుగా ఉండి కంటైనర్‌కు రెండుపక్కలా వచ్చే రకం ఉందని తెలిసి, దాన్ని తెప్పించి మళ్లీ అదే తడి బిన్‌తో చూశాం. చక్రాలు కదల్లేదు. దాన్నే ఖాయం చేశాం.

ఆర్డర్ ఇచ్చేముందు కొన్ని విషయాలు నోటిమాటగా వదలకుండా కాగితం మీద రాయించుకున్నాం. బండి మోయగల బరువులో బిన్ సొంత బరువు కూడా కలిసి ఉందా? బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే కదిలి, వదలగానే ఉన్నచోటే ఆగుతుందా? హైడ్రాలిక్ పైపు తెగితే బిన్ దబ్బున కిందపడకుండా సిలిండర్ దగ్గరే ఆపే వాల్వ్ ఉందా? బిన్ పైన ఉండగా బ్యాటరీ అయిపోతే మెల్లగా దించడానికి ఏర్పాటేమిటి? పక్కలకు జాలీ ఉందా, ఎమర్జెన్సీ బటన్ నిలబడినచోటు నుంచే అందుతుందా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల మీదే నాకు నమ్మకం కుదిరింది. అనుమతులు, బిల్లుల తతంగం ఎక్కడైనా ఉండేదే, దాని గురించి చెప్పడానికేం లేదు.

బండి వచ్చాక మొదటి వారం కొంచెం టెన్షన్‌గానే గడిచింది. “ఇది ఒకటి దించేలోపు మేం రెండు ఎత్తేస్తాం” అన్నారు కుర్రాళ్లు. ఆ మాట అబద్ధం కాదు, బండి నిదానమే. కానీ ఎత్తడానికి ఇద్దరు కావాలి, బండికి ఒక్కరు చాలు. రెండో మనిషి ఖాళీ అయిన బిన్లు కడుగుతుంటే పని మొత్తం పాత వేళకే పూర్తవుతోంది. నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది మరొకటి. బరువు పని అని ఇన్నాళ్లూ ఆడవాళ్లకు ఈ డ్యూటీ వేసేవాళ్లం కాదు, దానికిచ్చే అదనపు భత్యం కూడా వాళ్లకు అందేది కాదు. ఇప్పుడు అక్కలిద్దరు ఆ బండి నడుపుతున్నారు. బిన్‌ని పట్టీకి ఆనించాక చేత్తో ఒకసారి లాగి చూడనిదే బటన్ ముట్టుకోరు. కొత్తవాళ్లకు నేర్పేది కూడా వాళ్లే.

సంరక్షణ సంగతి క్లుప్తంగా చెబుతాను. పళ్ల పట్టీలో ఎండిన చెత్త ఇరుక్కుంటే బిన్ అంచు పూర్తిగా కూర్చోదు, కాబట్టి రోజూ బ్రష్‌తో గీకాలి. బండిని ప్రెషర్ నీళ్లతో కడగొద్దని గోడ మీద రాసి పెట్టాం, మోటారు దగ్గర తడిబట్టతో తుడుస్తారు. చైన్ బిగువు, నూనె కారుతున్న గుర్తులు వారానికోసారి చూస్తాం. మాది లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఛార్జింగ్ అప్పుడు దాన్నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి తలుపులు మూసిన స్టోర్ గదిలో పెట్టకుండా, గాలి ఆడేచోట విడిగా ప్లగ్ వేయించాం.

బండి ఉంది కదా అని బిన్‌ని నోటిదాకా నింపే అలవాటు మొదలవుతుంటే, బిన్ల లోపల పెయింట్‌తో గీత గీయించాను. గీత దాటిన బిన్ వంటశాల గడప దాటదు. ఇక మిగిలింది ర్యాంపు. నిండిన 240 లీటర్ల బిన్‌ని దాని మీదుగా తోయడం ఇప్పటికీ మనుషుల ఒంటి మీదే పడుతోంది. అందుకని తడి చెత్త వరకు 120 లీటర్ల బిన్లకు మారుతున్నాం. వాటి అంచు కూడా ఇదే పళ్ల పట్టీకి సరిపోతుందని డెమో రోజే పెట్టి చూసుకున్నాం.